పైపు పగిలిన కారులో ముల్లును నమ్మకండి

మా పక్కింటి ఆయన గత వారం భార్యాపిల్లలతో శ్రీశైలం బయలుదేరారు. డిండి దాటాక బోనెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. రేడియేటర్ పై పైపు క్లిప్పు పక్కనే చీలింది. ఆయన ఇన్సులేషన్ టేపు చుట్టి, ఉన్న రెండు సీసాల తాగునీళ్లు పోసి, మళ్లీ బండి తీశారు. రాత్రి తొమ్మిదికి మన్ననూరు అటవీ చెక్‌పోస్టు గేటు మూసేస్తారన్న తొందర మరి. కొంత దూరం పోయేసరికి, ఎర్రగీత మీదున్న హీటు ముల్లు దానంతటదే కిందికి దిగింది. చల్లబడిందనుకుని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పది నిమిషాలకు ఇంజిన్ పట్టేసింది. విప్పి చూస్తే హెడ్, అంటే ఇంజిన్ పై భాగం, వంగిపోయి ఉంది.

ఎండాకాలం సెలవుల్లో చాలామంది ఘాట్ రోడ్లు ఎక్కుతారు కాబట్టి ఇది రాస్తున్నాను. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదని అందరికీ తెలుసు, దాని గురించి మళ్లీ చెప్పను. కానీ ముల్లు దిగిందని బండి నడిపి ఇంజిన్లు పోగొట్టుకున్నవారిని నేను చాలామందిని చూశాను. వారిలో అనుభవం ఉన్న డ్రైవర్లూ ఉన్నారు.

ముల్లు ఇంజిన్ లోహం వేడిని చూపించదు. కూలెంట్‌లో, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవంలో, మునిగి ఉండే చిన్న సెన్సర్ ఏది చెబితే అదే చూపిస్తుంది. కూలెంట్ కారిపోయి సెన్సర్ చుట్టూ గాలి, ఆవిరి మాత్రమే మిగిలితే ముల్లు దిగిపోవచ్చు. ఆ సమయంలోనే లోపల అల్యూమినియం హెడ్ కాలిపోతూ ఉంటుంది. పైపు పగిలిన బండిలో ముల్లు హఠాత్తుగా దిగితే అది శుభవార్త కాదు, నీళ్లు అయిపోయాయని అర్థం. అనుమానం వస్తే హీటర్ వేసి చూడండి. ఇంజిన్ వేడిగా ఉండగా చల్లటి గాలి వస్తోందంటే హీటర్ దాకా కూలెంట్ రావడం లేదన్నమాట. వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. ఎదురుగా మెకానిక్ షెడ్డు కనిపిస్తున్నా సరే, అక్కడిదాకా తోసుకుంటూ వెళ్లండి.

ఇక తాత్కాలిక మరమ్మతు. ముందు కనీసం ముప్పావు గంట ఆగాలి. పై పైపును చేత్తో నొక్కితే మెత్తగా ఉండాలి, చెయ్యి కాలకూడదు. చీలిక పైపు కొస దగ్గరే ఉంటే అదృష్టమే: చీలిన మేరకు కత్తిరించి, పొడవు సరిపోతే మళ్లీ తొడిగి క్లిప్పు బిగించండి. అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి ఇదే. మధ్యలో చీలితే, పైపును తుడిచి పూర్తిగా ఆరనిచ్చి, బంక లేకుండా పొర మీద పొర కలిసిపోయే సిలికాన్ టేపును బాగా సాగదీస్తూ చుట్టాలి. చీలికకు రెండు అంగుళాల ఇవతల మొదలుపెట్టి రెండు అంగుళాల అవతల ఆపండి. ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పాలి. అది లేకపోతే లారీ డ్రైవర్లు చేసినట్టు సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి, బిగించి చుట్టి, పైన ఇనుప తీగతో కట్టండి. ఇన్సులేషన్ టేపు బంక వేడికి కరిగి జారిపోతుంది. ఎం-సీల్ లాంటి ముద్దలు కదిలే రబ్బరు మీద నిలవవు.

ఈ వ్యవస్థ మామూలుగా సుమారు 1 బార్ ఒత్తిడితో నడుస్తుంది. మీ కట్టు అంత ఒత్తిడికి ఆగకపోవచ్చు. అందుకే నీళ్లు నింపాక మూతను పూర్తిగా బిగించకుండా కాస్త వదులుగా ఉంచండి. అప్పుడు ఒత్తిడి పెరగదు, కాకపోతే నీళ్లు త్వరగా మరుగుతాయి. కాబట్టి నెమ్మదిగా, అతి దగ్గరి షెడ్డు వరకే. ఘాట్ ఎక్కకండి.

మరిగిన ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోయకండి, లోహం పగులుతుంది.

ఏసీ ఆపండి. హీటర్ పూర్తిగా పెట్టి కిటికీలు తెరవండి, ఉక్క భరించండి, ఇంజిన్ వేడి కొంత అటు పోతుంది. చీలింది హీటర్ పైపే అయితే ఈ ఉపాయం పనికిరాదు.

తాళం తీసేసినా ఫ్యాన్ తిరగవచ్చు. చేతులు, చీర కొంగులు, చున్నీలు దూరం.

కారిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. పిల్లల్ని, కుక్కల్ని దగ్గరికి రానివ్వకండి, నేలను నీళ్లతో కడిగేయండి.

ప్రతి రెండు మూడు కిలోమీటర్లకు ఆగి కట్టును, కింద తడిని చూడండి. వేడి మీద మూత ముట్టుకోకండి, వదులుగా ఉన్నా సరే.

బయలుదేరే రోజు పొద్దున్నే, బండి చల్లగా ఉండగా, పైపులన్నీ నొక్కి చూడండి. గట్టిపడి పగుళ్లు వచ్చినా, ఉబ్బినా, ఎలుకలు కొరికినా ప్రయాణం ఆపి మార్పించండి.

డిక్కీలో అయిదు లీటర్ల నీళ్లు, సిలికాన్ టేపు, రెండు క్లిప్పులు, స్క్రూడ్రైవర్, టార్చి.

గేటు మూసేస్తే మూసేయనీయండి. జాతీయ రహదారి మీద ఉంటే హైవే సహాయ నంబరు 1033కి ఫోను చేయండి. నల్లమలలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, అడవిలోకి వెళ్లాక కాదు, ముందే ఆగండి.

ముల్లు దిగిందని కదలకండి.

కట్టు బాగానే ఆగింది కదా అని దానితో వారమంతా తిరగకండి. మర్నాడే కొత్త పైపు, కొత్త క్లిప్పులు వేయించి, దారిలో పోసిన బోరు నీళ్లు తీయించి సరైన కూలెంట్ నింపించండి. బండి ఎంతసేపు వేడెక్కి నడిచిందో మెకానిక్‌కు దాచకుండా చెప్పండి, హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు) చూడాలో వద్దో దాన్నిబట్టే తేలుతుంది.