కరెంటు వచ్చినా హాట్‌స్పాట్ వదలని బోర్డు

మాది విశాఖలో ఎంవీపీ కాలనీ. మేడ మీద గదిలో మానిటర్ లేని రాస్ప్‌బెర్రీ పై బోర్డు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) ఒకటి పెట్టాను. పనంతా టెర్మినల్‌లోనే, అంటే కమాండ్లు టైపు చేయడమే. గాలివానకి కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది, బోర్డు మాత్రం పవర్ బ్యాంకు మీద నడుస్తుంది. అప్పుడు బోర్డు నా ఫోన్ హాట్‌స్పాట్‌కి మారాలి కదా, మారేది కాదు.

బోర్డుని వైఫైకి కలిపే ప్రోగ్రాం డబ్ల్యూపీఏ సప్లికెంట్. దాని సెట్టింగుల ఫైల్లో రెండు నెట్‌వర్క్ బ్లాకులు రాశాను. ప్రయారిటీ ఇంటి వైఫైకి 10, హాట్‌స్పాట్‌కి 5. పెద్ద అంకెకే ముందు చోటు. ఏమీ రాయకపోతే సున్నా. అయినా కనెక్ట్ కాలేదు. గంటసేపు తల పట్టుకున్నాక చూస్తే, ఫోన్ నుంచి కాపీ చేసిన పాస్‌వర్డ్‌కి అటూ ఇటూ వంకర కొటేషన్లు! వాటిని చెరిపి నిలువు కొటేషన్లు కొట్టగానే దారికొచ్చింది.

అసలు తంటా ఆ తర్వాత. కరెంటు వచ్చి రౌటర్ లేచినా బోర్డు హాట్‌స్పాట్‌నే పట్టుకుని వేలాడేది. నా డేటా హారతి కర్పూరం. ప్రయారిటీని డబ్ల్యూపీఏ సప్లికెంట్ నెట్‌వర్క్ ఎంచుకునేటప్పుడే చూస్తుంది, బాగా నడుస్తున్న కనెక్షన్‌ని తనంతట తాను వదలదు. అందుకే క్రాన్‌లో (చెప్పిన టైముకి పనులు నడిపేది) చిన్న స్క్రిప్టు పెట్టాను: 5 నిమిషాలకోసారి స్కాన్ చేసి, హాట్‌స్పాట్ మీద ఉండగా ఇంటి వైఫై కనబడితే డబ్ల్యూపీఏ సీఎల్‌ఐతో (సప్లికెంట్‌కి కమాండ్లు ఇచ్చే టూల్) రీఅసోసియేట్, అంటే మళ్ళీ కనెక్ట్ అవ్వమనే కమాండ్ కొడుతుంది.

మొన్న కరెంటు వచ్చిన కాసేపటికే దానంతటదే మారింది. దూరం నుంచి బోర్డులోకి లాగిన్ అవడానికి నేను తెరిచి ఉంచిన ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం తెగింది, అది వేరే సంగతి.