శరణార్థిగా వచ్చిన డాక్టరుకి, ఇంజినీరుకి మళ్ళీ వాళ్ళ పనే దొరికేలా సాయం చెయ్యాలంటే

మన బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి వెళ్ళి కెనడాలో జర్మనీలో ఉద్యోగాలు చేస్తున్న పిల్లల కోసం రాస్తున్నా ఇది. మీ చుట్టుపక్కల సిరియా నుంచో ఆఫ్ఘనిస్తాన్ నుంచో వచ్చి టాక్సీ నడుపుతున్న డాక్టరు, గోడౌన్లో పెట్టెలు మోస్తున్న ఇంజినీరు కనిపిస్తే అలా వదిలేయకండి. మనకి శరణార్థులు కొత్త కాదు కదా, గజపతి జిల్లా చంద్రగిరిలో టిబెట్ వాళ్ళు 1963 నుంచి ఉన్నారు, వాళ్ళకి భూమిచ్చి నిలబెట్టారు, కానీ చదువుకుని పదేళ్ళు పనిచేసి వచ్చిన మనిషికి కావాల్సింది ఆ చదువుకి విలువ.

ముందు ఒక్కటి తేల్చుకోండి, ఆ పనికి అక్కడ లైసెన్సు కావాలా అక్కర్లేదా. డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు, టీచరు, వీళ్ళకి కావాలి, సాఫ్ట్‌వేర్ లాంటివాటికి అక్కర్లేదు, కంపెనీ నమ్మితే చాలు. ఇది తేలకుండా రెజ్యూమెలు పంపిస్తూ కూర్చుంటే నెలలు పోతాయి.

తర్వాత కాగితాలు, అసలు కష్టం ఇక్కడే. ఉన్నవన్నీ స్కాన్ చేసి రెండు చోట్ల పెట్టించండి, అధికారికంగా ఒప్పుకునే అనువాదకులతోనే అనువాదం చేయించండి. ఇంకో మాట, చాలా ముఖ్యం: సర్టిఫికెట్ కోసం వాళ్ళ దేశపు ఎంబసీకో యూనివర్సిటీకో మీ అంతట మీరు మెయిల్ పెట్టెయ్యకండి. అక్కడ మిగిలిపోయిన అమ్మానాన్నలకి దానివల్ల ప్రమాదం రావచ్చు, ఆ శరణార్థి సరే అంటేనే పెట్టండి.

కాగితాలు పోయినా దారులు ఉన్నాయి. కెనడాలో డబ్ల్యూఈఎస్ (వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్, విదేశీ చదువుల్ని అంచనా వేసే సంస్థ) వాళ్ళ గేట్‌వే ప్రోగ్రాం ఉంది, కొన్ని దేశాల వాళ్ళకి సగం సగం కాగితాలున్నా చదువు అంచనా వేసిస్తారు. యూరప్‌లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2017లో శరణార్థుల కోసం అర్హతల పాస్‌పోర్టు మొదలెట్టింది, అంటే చదువు, అనుభవం అంచనా వేసి రాసిచ్చే పత్రం, ఇంటర్వ్యూ చేసి ఇస్తారు, 5 ఏళ్ళు పనికొస్తుంది, కాకపోతే అది లైసెన్సు కాదు, ఆ సంగతి ముందే చెప్పండి లేకపోతే ఆశ పెట్టుకుంటారు. జర్మనీలో విదేశీ అర్హతల గుర్తింపు చట్టం 2012 నుంచి అమల్లో ఉంది, ఎలక్ట్రీషియన్ లాంటి పనులకి కాగితం లేకపోతే పని చేసి చూపించి కూడా గుర్తింపు తెచ్చుకోవచ్చు.

పేర్లు కూడా చూడండి. ఇంటిపేరు ముందా వెనకా అని పాస్‌పోర్టు దగ్గర మనం పడే తిప్పలే వాళ్ళవీ, ఒక్కో కాగితంలో ఒక్కో స్పెల్లింగు, చాలామందికి పుట్టినరోజు జనవరి 1 అని రాసేసి ఉంటుంది, అఫిడవిట్ ముందే చేయించి పెట్టుకుంటే మంచిది.

భాష అంటే కూరగాయలు కొనే భాష సరిపోదు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా మాట్లాడి పెరిగిన మనకి ఆ తేడా తెలుసు. జర్మనీలో డాక్టరుకి వైద్య భాషలో వేరే పరీక్షే ఉంటుంది. వారానికి ఒక గంట మీరే పేషెంటులా కూర్చుని మాట్లాడించండి.

లైసెన్సు వచ్చేలోపు పొట్టకోసం ఏదో ఒకటి చెయ్యాల్సిందే, తప్పులేదు, కానీ వీలైతే తన రంగానికి దగ్గరది వెతకండి. డాక్టరైతే క్లినికల్ రీసెర్చ్, సివిల్ ఇంజినీరైతే డ్రాయింగ్ పని. కెనడా రెజ్యూమెలో ఫొటో, వయసు, పెళ్ళి వివరాలు తీసేయండి. మధ్యలో పోయిన ఏళ్ళకి ఒక్క వాక్యం చాలు, యుద్ధం కథంతా చెప్పించకండి, చెప్పాలనిపిస్తే వాళ్ళే చెప్తారు. మీ కంపెనీలో ఖాళీ ఉంటే రిఫరల్ ఇవ్వండి, అన్నిటికన్నా పెద్ద సాయం అదే అని నా నమ్మకం, తెలిసిన మనిషి ఒక్కడు లేకే చాలామంది ఆగిపోతున్నారు.

ఫీజులు ఎక్కువే. కెనడాలో విండ్‌మిల్ మైక్రోలెండింగ్ లాంటి సంస్థలు లైసెన్సు ఖర్చులకి తక్కువ వడ్డీకి అప్పిస్తాయి, అప్లికేషన్ దగ్గర పక్కన కూర్చోండి. పరీక్ష రోజున వాళ్ళ పిల్లల్ని మీ ఇంట్లో ఉంచుకోండి.