దాడి చేసేవాడు ఎదురైతే ఏం చేయాలి: ముందు బయటపడే దారి చూడండి

నాలుగేళ్ల కిందట మా పిన్ని తెల్లారగట్ల పాల ప్యాకెట్లు తెచ్చుకుంటూ వీధి మలుపు తిరుగుతుంటే, వెనక బైక్ మీద వచ్చినవాడు మెడలో పుస్తెలతాడు అందుకుని లాగాడు. ఆవిడ వదల్లేదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది, వాడు బండి ఆపకుండా పది అడుగులు ఈడ్చుకుపోయాడు. గొలుసు ఎలాగూ పోయింది, పిన్నికి మెడ చుట్టూ కోసుకుపోయిన ఎర్రటి గీత, విరిగిన మోకాలిచిప్ప మిగిలాయి. "పుస్తెలు కదరా, ఎలా వదిలేస్తాను" అంది ఆస్పత్రి మంచం మీద. ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయినా చెప్తున్నాను, వదిలేయండి. ఇప్పుడు పిన్ని బయటికి వెళ్తే పసుపుతాడుతోనే వెళ్తుంది, బంగారం బీరువాలో ఉంటుంది.

సొమ్ము కోసం వచ్చినవాడికి సొమ్మే కావాలి. పర్సో ఫోనో అడిగితే చేతికి అందించకుండా కాస్త పక్కకు దూరంగా విసిరేయండి, వాడు అటు తిరగ్గానే మీరు ఇటు పరుగెత్తండి, షాపులు, లైట్లు, మనుషులు ఉన్న వైపుకే. కానీ కారెక్కు, పక్క సందులోకి నడువు అంటే లెక్క మారిపోతుంది. వాడు తీసుకెళ్లాలనుకున్న చోటుకి వెళ్తే మీకు ఇక్కడున్నపాటి అవకాశం కూడా ఉండదు, అందుకని ఆ క్షణంలోనే, ఆ రోడ్డు మీదే అరవండి, కింద కూలబడండి, కొట్టండి, కొరకండి.

అరిచేటప్పుడు "దొంగ, దొంగ" అని అరిస్తే మన కాలనీల్లో తలుపులు తెరుచుకుంటాయి. జనం ఉండి కూడా చూస్తూ నిలబడితే ఒక్కరిని చూసి చెప్పండి: "నీలం చొక్కా అన్నా, 112 కి ఫోన్ చెయ్!" అందరికీ కలిపి చెప్తే ఎవరికి వారు పక్కవాడు చేస్తాడులే అనుకుంటారు.

కత్తి ఉంటే దాన్ని లాక్కోవాలని చూడకండి. ఏళ్ల తరబడి కరాటే నేర్చుకున్నవాళ్లకు కూడా చేతులు తెగుతాయి. ఆగి ఉన్న స్కూటర్, కారు, గేటు, ఏదో ఒకటి మీకూ వాడికీ మధ్య ఉండాలి, ఏమీ లేకపోతే భుజాన ఉన్న బ్యాగు పొట్టకు అడ్డం పెట్టుకుని వెనక్కి జరగండి. చేతులు రొమ్ము ఎత్తులో తెరిచి ఉంచి "తీసుకో, వెళ్లిపో" అనండి. చూడటానికి లొంగిపోయినట్టు ఉంటుంది, దెబ్బ పడితే అడ్డుకోవడానికీ చేతులు సిద్ధంగా ఉంటాయి.

తప్పించుకునే దారే లేకపోతే కళ్లు, గొంతు, గజ్జలు, మోకాలు, ఈ చోట్లనే చూసుకుని ఉన్న బలమంతా పెట్టి కొట్టండి. మణికట్టు పట్టుకుంటే వాడి బొటనవేలు ఉన్న వైపుకి చెయ్యి తిప్పి లాగండి, పట్టులో బలం తక్కువ ఉండేది అక్కడే. జుట్టు పట్టుకుంటే ఆ చేతిని మీ రెండు చేతులతో తలకేసి అదిమి పెట్టండి, లాగుడు నొప్పి తగ్గి కాళ్లతో తన్నే వీలు దొరుకుతుంది. ఇవి చదివితే రావు, ఇంట్లో అన్నతోనో స్నేహితురాలితోనో పదిసార్లు చేసి చూడాలి. పెప్పర్ స్ప్రే బ్యాగు అడుగున ఉంటే లేనట్టే, చీకట్లో నడిచేటప్పుడు చేతిలో ఉండాలి, గాలి మీవైపు వీస్తే మీ కళ్లలోనే పడుతుంది.

బయటపడ్డాక టెన్షన్‌లో నొప్పి తెలియదు. ఒంటిమీద చేత్తో తడిమి రక్తం ఉందేమో చూసుకోండి, ముఖ్యంగా వీపు, చంకలు, తొడల లోపలి వైపు. గాయం ఉంటే గుడ్డ పెట్టి గట్టిగా అదిమి, వదలకుండా పట్టుకుని 108 కి ఫోన్ చేయించండి. గుచ్చుకున్న కత్తిని మాత్రం పీకకండి, అది తీస్తే లోపల ఆగిన రక్తం కూడా కారిపోతుంది. యాసిడ్ పడితే తడిసిన బట్టలు తీసేసి, కనీసం 20 నిమిషాలు ధారగా మంచినీళ్లు పోస్తూనే ఉండాలి. యాసిడ్ దాడి బాధితులకు ఏ ఆస్పత్రి అయినా, ప్రైవేటుదైనా, వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని చట్టమే చెప్తోంది.

వాణ్ని కొడితే కేసు నా మీదే పడుతుందేమో అని చాలామంది వెనకాడతారు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే ఉన్నాయి. ప్రాణం పోతుందనో, అత్యాచారమో కిడ్నాపో యాసిడ్ దాడో జరుగుతుందనో నిజంగా భయపడే పరిస్థితి ఉంటే, అవసరమైనంత బలం వాడే హక్కు మీకుంది. ప్రమాదం తప్పిపోయాక, వాడు పారిపోతుంటే వెంటపడి కొడితే మాత్రం అది ఆత్మరక్షణ కాదు.

ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వచ్చు, మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధి చూడకుండా ముందు రాసుకుని, తర్వాత సంబంధిత స్టేషన్‌కి పంపే కేసు) రాయమని అడగండి. కాపీ ఉచితంగా ఇవ్వాలి, తీసుకోకుండా రాకండి. ఆ రోజు వేసుకున్న బట్టలు ఉతకొద్దు. చుట్టుపక్కల షాపుల కెమెరాల్లో ఏముందో అదే రోజు అడగండి. పిన్ని ఆపరేషన్ హడావుడిలో పడి మేం రెండు వారాల తర్వాత వెళ్తే, మలుపులో ఉన్న కిరాణా కొట్టు కెమెరాలో పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేసింది.