రేడియో అయోడిన్‌కు ముందు ఉప్పు, తరవాత నీళ్లు

థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక విశాఖలో రేడియో అయోడిన్‌కు, అంటే రేడియేషన్ ఉన్న అయోడిన్-131 మింగించే చికిత్సకు, తేదీ ఇచ్చారంటే, పని రెండు వారాల ముందే వంటింట్లో మొదలవ్వాలి. మిగిలిపోయిన థైరాయిడ్ కణాలకు మామూలు అయోడిన్‌కీ, అయోడిన్-131కీ తేడా తెలీదు. రోజూ తినేదానితోనే నిండిపోతే మందును సరిగ్గా పీల్చుకోవు. అందుకే 1–2 వారాలు రోజుకు 50 మైక్రోగ్రాముల లోపు అయోడిన్‌తో గడపమంటారు. మామూలుగా పెద్దవాళ్లకు కావలసింది 150.

లెక్కంతా ఉప్పు దగ్గరే తప్పుతుంది. ఇంటికొచ్చే అయోడిన్ ఉప్పులో కనీసం 15 పీపీఎం ఉండాలి, అంటే గ్రాముకు 15 మైక్రోగ్రాములు. టీ చెంచాకు సమంగా తీస్తే 5 గ్రాములకు తగ్గదు. ఆ ఒక్క చెంచాతోనే 75 వచ్చేసింది.

"నౌపడ గల్లుప్పు వాడితే సరిపోదా?" అని అందరూ అడుగుతారు. మడిలో తీసిన ఉప్పులో అయోడిన్ బాగా తక్కువే. కానీ సంచుల్లోకి ఎత్తే ముందు పొటాషియం అయోడేట్ చల్లారో లేదో గల్లును చూసి చెప్పలేం. ఆశా కార్యకర్త దగ్గర ఉప్పు పరీక్ష కిట్టు ఉంటే చిటికెడు ఉప్పు మీద చుక్క వేయించండి. నీలం తిరిగితే ఆ ఉప్పు పక్కన పెట్టేయాలి. తిరగకపోయినా అయోడిన్ బొత్తిగా లేదని కాదు. ఆసుపత్రివాళ్లు చెప్పిన, అయోడిన్ కలపలేదని ప్యాకెట్ మీద రాసున్న ఉప్పే నమ్మకం.

ఇంట్లో వండిన అన్నం, పప్పు, కూరగాయలు, పళ్లు, నూనె, ఉప్పులేని పలాస జీడిపప్పు తినొచ్చు. చోడి (రాగి) అంబలి తాగొచ్చు గానీ మజ్జిగ కలపకూడదు. పాలు, పెరుగు, గుడ్డు పచ్చసొన, చేపలు, రొయ్యలు, ఎండుచేపలు, మీల్‌మేకర్, బేకరీ రొట్టె మానేయాలి. పాత ఆవకాయ ఏ ఉప్పుతో పెట్టారో గుర్తు లేకపోతే జాడీ మూతే తీయొద్దు. హోటలు టిఫిన్ కూడా అంతే, వాళ్ల ఉప్పు మన చేతిలో లేదు. ఎర్రరంగు మాత్రలు, విటమిన్ టానిక్కులు, అయోడిన్‌తో పుక్కిలించే మందులు, ఈమధ్య రంగుమందు ఎక్కించి తీసిన సీటీ స్కాన్, ఇవన్నీ డాక్టరుకు చెప్పి తీరాలి. స్కాన్ మందొక్కటే వారాల తరబడి చికిత్సను వెనక్కి నెట్టగలదు.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. అయోడిన్ తగ్గించమంటే కొందరు ఉప్పే మానేస్తారు. ఈ చికిత్స కోసం థైరాయిడ్ మాత్ర ఆపేసిన ఒంటికి, ఎండలో చెమటలు కారుతుండగా, ఉప్పులేని నీళ్లు అదే పనిగా పట్టిస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. పెద్దవయసువాళ్లకూ, బీపీకి నీటిమాత్రలు (మూత్రం ఎక్కువ పోయించేవి) వాడేవాళ్లకూ ఈ ముప్పు ఎక్కువ. తలనొప్పి, వాంతి, మాట తడబడటం కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. గంజిలో అయోడిన్ లేని ఉప్పు వేసుకుని తాగితే ఈ ఇబ్బంది చాలావరకు రాదు.

డోసుకు ముందు రెండు గంటలు కడుపు ఖాళీగా ఉంచాలి. మింగాక కణాలకు పట్టని అయోడిన్‌లో ఎక్కువ భాగం తొలి రెండు రోజుల్లో మూత్రంలో పోతుంది. మెలకువగా ఉన్నంతసేపూ గంటకో గ్లాసు, రోజుకు రెండున్నర మూడు లీటర్లు. మూత్రం ఆపుకోకుండా గంటకో రెండు గంటలకో వెళ్లాలి, రాత్రి కూడా లేవాలి. మూత్రాశయంలో నిలవుంటే దాని గోడలకే రేడియేషన్ తగులుతుంది. మగవాళ్లైనా కూర్చునే పోయాలి, రెండుసార్లు నీళ్లు కొట్టాలి. మలబద్ధకం రాకుండా అరటిపండు, ఆకుకూరలు తినాలి. లాలాజల గ్రంథులూ అయోడిన్ పీల్చుకుంటాయి కాబట్టి పుల్లటి బిళ్లలు చప్పరించమంటారు. మొదటి రోజు వద్దు, 24 గంటల తరవాతే మొదలుపెట్టండి అనే డాక్టర్లు చాలామంది.

ఈ నీళ్ల సలహా, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో అందరికీ కాదు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు కిడ్నీ జబ్బున్నవాళ్లలో అయోడిన్ నెమ్మదిగా బయటికి పోతుంది. ఎక్కువసేపు ఒంట్లో ఉంటుంది. మూడు లీటర్లు తాగితే ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు ముందే చూపించండి. డోసు, నీళ్ల కొలత, డయాలసిస్ ఉంటే దాని రోజులు, అన్నీ దాన్నిబట్టే నిర్ణయిస్తారు.

మజ్జిగన్నం మళ్లీ ఎప్పుడంటే, చాలాచోట్ల డోసు తరవాత ఒకటి రెండు రోజులకే సరేనంటారు. డోసు తరవాత తీసే స్కాన్ మిగిలి ఉంటే మాత్రం అదయ్యేదాకా ఆగాలా అని అడిగి తెలుసుకోండి.