పాపకు తొలి ముక్క తన చేతికే ఇవ్వండి

ఆరు నెలలు నిండి, మెడ నిలిపి, ఆసరాతో కూర్చుంటున్న బిడ్డకు అన్నీ మిక్సీ పట్టే పెట్టాలని లేదు. శివరాత్రికి మా హన్మకొండలో మొరంగడ్డలు, అంటే చిలగడదుంపలు, బాగా వస్తాయి. ఒకటి ఉడకబెట్టి, మీ వేలంత పొడుగు ముక్క కోసి చేతికివ్వండి. రెండు వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలగాలి, అదే గుర్తు. మా పాప మొదటిరోజు పిడికిట్లో పిసికి చెవుల దాకా పూసుకుంది. నాలుగో రోజుకు చప్పరించి మింగింది, ఎంత మురిసిపోయామో!

మధ్యలో ఓక్ అంటే టెన్షన్ పడి నోట్లో వేలు పెట్టొద్దు, చాలావరకు తనే బయటికి తోసేస్తుంది. శబ్దమే రాకుండా ఉక్కిరిబిక్కిరైతే మాత్రం గొంతుకు అడ్డంపడ్డట్టే. అందుకే తిన్నంతసేపూ పక్కనే కూర్చోండి. పల్లీ గింజలు అసలే ఇవ్వకండి. తేనె ఏడాది నిండేదాకా నాకించొద్దు, పెద్దవాళ్లు చెప్పినా సరే. తల్లిపాలు ఎప్పటిలాగే పట్టండి.