నల్లమలలో టెంట్ వేసుకునేవాళ్ళు: రాత్రి ఒక్కరే బయటికి వెళ్ళొద్దు

పోయిన నెల నల్లమల అంచున ఒక క్యాంపులో మాకు తెలిసిన కుర్రాడు తెల్లవారుజామున నాలుగింటికి ఒంటేలుకని టెంట్ వెనక్కి వెళ్ళాడు. పొద పక్కన గుడ్డెలుగు ఉంది. ప్రాణం దక్కింది కానీ ఒక కన్ను పోయింది. అదే టెంట్‌లో ఇంకో ముగ్గురు నిద్రపోతున్నారు. ఒక్కరినైనా ఎందుకు లేపలేదురా అంటే, "అందరూ అలసిపోయి పడుకున్నారు, ఎందుకులే అనుకున్నా అన్నా" అన్నాడు.

ఆ "ఎందుకులే" గురించే ఇదంతా రాస్తున్నాను. వానాకాలంలో మూసేసిన సఫారీలు అక్టోబరులో తెరుస్తారు, ఆ వెనకే కార్తీకం వస్తుంది. బైర్లూటి, తుమ్మలబైలు, మన్ననూరు వైపు పిల్లాపాపలతో వచ్చేవాళ్ళు ఒక్కసారిగా పెరుగుతారు. దోమల మందు, నీళ్ళ సీసాలు, టోపీల సంగతి మీకు తెలిసిందే కాబట్టి వాటిని వదిలేస్తున్నాను.

చేరే వేళ

సాయంత్రం నాలుగింటికల్లా క్యాంపులో ఉండండి. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరా, దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్ళే అడవి దారిలోనూ రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లు వదలరు. ఆ వేళ రోడ్డు జంతువులది. గేటు పడేలోపు దాటేస్తే చాలనుకుని చీకటిపడ్డాక దిగేవాళ్ళు చాలామందిని చూశాను. బాత్‌రూమ్ ఎటువైపో, మధ్యలో గుంట ఉందో పొద ఉందో చూసుకోకుండానే పడుకుంటారు. వెలుతురు ఉండగానే టెంట్ నుంచి బాత్‌రూమ్ దాకా ఇంటిల్లిపాదీ ఒకసారి నడిచి రండి. రాత్రి కాలు పెట్టాల్సింది ఆ దారిలోనే.

తిండి

కోడి ఎముకలు టెంట్ పక్కన విసరొద్దు. వాటికోసం కుక్కలు వస్తాయి. కుక్కలకోసం చిరుత వస్తుంది. క్యాంపు కుక్కకు బిస్కెట్లు పెట్టి టెంట్ ముందు పడుకోబెట్టుకుని, కాపలా ఉంది కదా అని సంబరపడతారు. చిరుతకు కుక్క కాపలా కాదు, ఆహారం. మిగిలిన అన్నం, పళ్ళు, స్వీట్లు బండిలో పెట్టి అద్దాలు ఎక్కించండి. టెంట్‌లో తిండి ఉంటే ఎలుకలు చేరతాయి, ఎలుకల వెనక పాములు వస్తాయి.

రాత్రి

ఎలుగుకు చూపు మందం, చెవులూ అంతంతమాత్రమే. చెదపుట్ట తవ్వుకుంటూ ముక్కు నేలలో పెట్టిందంటే మీరు పక్కకు వచ్చేదాకా దానికి తెలియదు. తెలిసేసరికి దానికి పారిపోయే దూరం ఉండదు, అందుకే మీదపడుతుంది. దాని గోళ్ళు ముందు ముఖానికే తగులుతాయి. చెంచులు అడవిలో నడిచేటప్పుడు కర్ర తాటిస్తూ, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళడం చూసే ఉంటారు. మనిషి వస్తున్నాడని దానికి ముందే తెలియాలి, అంతే. ఇద్దరుంటే మాటలుంటాయి. ఒక్కడే వెళ్ళేవాడు పక్కవాళ్ళకు నిద్రాభంగం కాకూడదని పిల్లిలా అడుగులేస్తాడు. ప్రమాదం అక్కడే ఉంది.

చిరుత సంగతి వేరు. నిలబడిన మనిషిని చూసి అది చాలాసార్లు తప్పుకుంటుంది. కూర్చున్నవాళ్ళు, వంగినవాళ్ళు, పిల్లలు దాని కంటికి చిన్న జంతువుల్లా కనిపిస్తారు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపను చిరుత ఎత్తుకెళ్ళి చంపేసింది. 2024 జూన్‌లో నంద్యాల జిల్లా పచ్చర్ల దగ్గర కట్టెలకు వెళ్ళిన ఒకామెను చంపేసింది. అలాంటి అడవిలో, చీకట్లో, టెంట్ వెనక గొంతుకూర్చుంటే ఏమవుతుందో ఆలోచించండి.

కాబట్టి లేపండి. మొహమాటపడకండి. భార్యను లేపండి, బావను లేపండి, పక్క టెంట్ వాళ్ళని లేపండి. రాత్రికి ఐదుసార్లు వెళ్ళాల్సి వస్తే ఐదుసార్లూ లేపండి. షుగర్ ఉన్న పెద్దవాళ్ళే ఎక్కువ మొహమాటపడతారు, కాబట్టి వాళ్ళకు ముందే చెప్పండి. ఒకళ్ళు లోపలికి వెళ్తే ఒకళ్ళు లైటు పట్టుకుని బయట నిలబడాలి.

కట్లపాము గురించి ఒక్క మాట. రాత్రి తిరిగే ఈ పాము నేలమీద పడుకున్నవాళ్ళనే ఎక్కువ కాటేస్తుంది. నొప్పి దాదాపు ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి వస్తాయి, రెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది. రాత్రి తిన్న బిర్యానీ పడలేదని సోడా తాగిస్తూ కూర్చుంటే ఊపిరి ఆగిపోతుంది. రెప్పలు వాలుతున్నాయంటే వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.

ఇంకా చెప్పాల్సినవి, గుర్తొచ్చిన వరుసలో:

- టెంట్ జిప్పు పగలు కూడా మూసే ఉంచండి.
- నేలమీద పరుపు వేసుకోవద్దు. మంచం అడగండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి.
- బూట్లు దులపకుండా కాలు పెట్టొద్దు.
- ఫోన్ లైటు చాలదు. చేతిలో టార్చి ఉండాలి.
- చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తిరగొద్దు.
- పిల్లలు ముందు పరుగెత్తకూడదు, వెనక పడకూడదు. మధ్యలో నడవాలి.
- చిరుత ఎదురైతే పరుగెత్తొద్దు, వంగొద్దు. పిల్లల్ని ఎత్తుకుని, అరుస్తూ, దానివైపే చూస్తూ వెనక్కి నడవండి.
- ఎలుగు మీదపడితే బోర్లా పడుకుని, మెడ వెనక చేతులు కట్టుకుని ముఖం నేలకు దాచుకోండి.
- పాము కరిస్తే కోయొద్దు, పీల్చొద్దు, బిగించి కట్టొద్దు. పామును వెతకొద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి, విరుగుడు మందు అక్కడ ఉంటుంది.
- సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. 108కి ఎక్కడ నిలబడితే ఫోన్ కలుస్తుందో చేరగానే వాచర్‌ని అడగండి.
- శ్రీశైలం జలాశయంలో మొసళ్ళున్నాయి. ఒడ్డున కాళ్ళు కడగొద్దు.
- తాగినవాడిని బాత్‌రూమ్‌కు ఒంటరిగా పంపొద్దు.
- ఎవరినీ పంపొద్దు. తెల్లారింది కదా అని కూడా పంపొద్దు, మసక వెలుతురు కూడా చీకటితో సమానమే.
- పడుకునే ముందు టెంట్‌లో ప్రతి ఒక్కరి చేత పైకి అనిపించండి: "నన్ను ఎన్నిసార్లైనా లేపండి."