ఇటలీ పాత ఊళ్లకు రైల్లో వెళ్లొచ్చే ముందు: వేసవి జాగ్రత్తలు

రోమ్‌లోనో ఫ్లోరెన్స్‌లోనో బస పెట్టుకుని, పొద్దున రైలెక్కి ఒక పాత ఊరు చూసుకుని రాత్రికి తిరిగి వచ్చేయడం ఇటలీలో చాలా తేలిక. ఫ్లోరెన్స్ నుంచి లూకాకు గంటన్నర లోపే పడుతుంది. రోమ్ నుంచి ఓర్వియేటోకు, బొలోన్యా నుంచి రావెన్నాకు కూడా దాదాపు అంతే. ఇంత తేలిక కాబట్టే ఎవరూ ముందుగా ఏమీ చూసుకోరు. ఎండలు, సమ్మెలు, పట్టాల పనులు, జనం అన్నీ ఒకేసారి మీద పడే జూన్, జులై, ఆగస్టు నెలల్లో ఆ ధీమా పనికిరాదు. ముఖ్యంగా ఇక్కడ చదువుకుంటూ ఊరి నుంచి అమ్మానాన్నలను పిలిపించుకునే పిల్లలు బయల్దేరే ముందు రోజు రాత్రి ఒక అరగంట కూర్చోవాలి.

అన్నిటికంటే ముందు తిరుగు రైలు చూడండి. పొద్దున వెళ్లే రైలు ఎలాగూ దొరుకుతుంది, తప్పినా ఇంకోటి ఉంటుంది. చిక్కంతా సాయంత్రమే. ఒకసారి మా అమ్మను ఒక కొండ ఊరికి తీసుకెళ్లి, సాయంత్రం చల్లబడ్డాక నింపాదిగా దిగుదామని ఆఖరి రైలు దాకా ఆగాను. స్టేషన్‌కు వచ్చేసరికి బోర్డు మీద మా రైలు ఎదురుగా 'కాంచెల్లాతో' అని ఉంది, అంటే రద్దు. టికెట్ కౌంటర్ మూసేశారు, టీ కొట్టూ లేదు. ప్లాట్‌ఫాం మీద ఇనప బెంచీ ఒకటి, మోకాళ్లు పట్టుకుని దాని మీద అమ్మ. ఆ రాత్రి టాక్సీకి ఇచ్చిన డబ్బు కంటే ఆమె ముఖంలో చూసిన భయమే నాకు ఎక్కువ గుర్తుంది. అప్పటి నుంచి ఆఖరి రైలుకు ముందు రెండు రైళ్లు ఉండేలా చూసుకుని, వాటిలో మొదటిదాన్నే మా రైలు అనుకుంటున్నాను. ఆదివారాలు, పండగ రోజుల్లో రైళ్లు తగ్గుతాయి. స్టేషన్‌లో పసుపుపచ్చ కాగితం బయల్దేరే రైళ్లది, తెల్లది వచ్చే రైళ్లది. పసుపు కాగితంలో రైలు పక్కన అడ్డంగా పెట్టిన రెండు సుత్తుల గుర్తుంటే అది పనిరోజుల్లో మాత్రమే నడుస్తుందని. శిలువ గుర్తుంటే ఆదివారాలు, సెలవు రోజులకు.

'షోపెరో' అన్న మాట తెలుసుకోండి. సమ్మె అని అర్థం. ఇక్కడ సమ్మెలు చెప్పాపెట్టకుండా రావు. 1990 నాటి చట్టం ప్రకారం కనీసం 10 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, రవాణా మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో జాబితా ఉంటుంది. కాబట్టి తేదీ ఖాయం చేసుకునే ముందు ఒకసారి, ముందు రోజు రాత్రి ఇంకోసారి చూసుకుంటే చాలు. సమ్మె రోజున కూడా పనిరోజుల్లో పొద్దున 6 నుంచి 9 వరకు, సాయంత్రం 6 నుంచి 9 వరకు ముఖ్యమైన ప్రాంతీయ రైళ్లు నడిపి తీరాలి. దీన్ని నమ్ముకుని కొండ ఊరికి వెళ్లొచ్చినవాళ్లున్నారు. పెద్దవాళ్లతో మాత్రం వద్దు, ఆ రోజు బస చేసిన ఊళ్లోనే తిరగండి. ఆగస్టులో పట్టాల మరమ్మతులకు కొన్ని లైన్లు మూసి బదులుగా బస్సులు నడుపుతారు. రైలు టికెట్ల యాప్‌లో రైలు బొమ్మ బదులు బస్సు బొమ్మ కనిపిస్తే ప్రయాణం ఎక్కువసేపు పడుతుందని లెక్కేసుకోండి. పైగా ఆ బస్సు స్టేషన్ లోపలికి కాకుండా బయట ఎక్కడో ఆగుతుంది.

ఇక టికెట్. మనవాళ్లు ఎక్కువగా జరిమానా కట్టేది ఇక్కడే, అదీ టికెట్ కొని మరీ. ఫ్రెచ్చారోస్సా, ఇతాలో లాంటి హైస్పీడ్ రైళ్లకు సీటు నంబరు, రైలు నంబరు ఉంటాయి కాబట్టి ముందే కొంటే చవక. ప్రాంతీయ రైలు, అంటే 'రెజొనాలె', అలా కాదు. ధర ఎప్పుడు కొన్నా ఒకటే, సీటు నంబరు ఉండదు. కాగితం టికెట్ తీసుకుంటే రైలెక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరున్న చిన్న మిషన్‌లో ముద్ర వేయించుకోవాలి. టికెట్ అంచును సందులో పెట్టి ఎడమవైపుకు నెట్టండి. చిన్న గరగర శబ్దం వచ్చాక బయటికి తీసి తేదీ, సమయం పడ్డాయో లేదో కళ్లతో చూసుకోండి. ఇంకు అయిపోయిన మిషన్లూ ఉంటాయి. ముద్ర పడకపోతే పక్క మిషన్‌కు వెళ్లండి. ఏదీ పనిచేయకపోతే టికెట్ మీద తేదీ, సమయం పెన్నుతో రాసి, ఎక్కగానే మీరే టీటీని వెతుక్కుంటూ వెళ్లి చెప్పండి. ఆయన మన దగ్గరికి వచ్చేదాకా కూర్చుంటే మాట నమ్మించడం కష్టం. ఫోన్‌లో కొన్న ప్రాంతీయ టికెట్‌కు ముద్ర అక్కర్లేదు గానీ, ఎక్కే ముందే చెక్-ఇన్ నొక్కాలి. నలుగురికీ ఒకే ఫోన్‌లో కొంటే నలుగురి చెక్-ఇన్ అయిందో లేదో చూడండి. ఈ టికెట్ పేరు మీద ఉంటుంది కాబట్టి పాస్‌పోర్టో పెర్మెస్సో (ఇటలీలో ఉండటానికి ఇచ్చే అనుమతి) కార్డో దగ్గర ఉండాలి.

బోర్డు మీద మనం దిగే ఊరి పేరు పెద్దగా కనిపించదు, రైలు ఆఖరున ఆగే ఊరి పేరే ముందు ఉంటుంది. రోమ్ నుంచి ఓర్వియేటో వెళ్లే రైలు మీద 'ఫిరెంజె' అని ఉండొచ్చు. ఫిరెంజె అంటే ఫ్లోరెన్సే. అందుకే రైలు నంబరు పట్టుకోండి. రోమా తెర్మినీలో కొన్ని ప్రాంతీయ రైళ్లు '1 ఎస్ట్', '2 ఎస్ట్' ప్లాట్‌ఫాంల నుంచి బయల్దేరతాయి. అవి మామూలు ప్లాట్‌ఫాంల చివరన ఇంకా లోపలికి ఉంటాయి. పది నిమిషాల నడక పెట్టుకోండి. చిన్న స్టేషన్లలో తలుపులు వాటంతట అవి తెరుచుకోవు, బటన్ నొక్కాలి. ఎవరో తెరుస్తారని చూస్తూ నిలబడితే రైలు కదిలిపోతుంది.

చాలామంది లెక్కలోకి తీసుకోనిది స్టేషన్‌కూ ఊరికీ మధ్య దూరం. ఇటలీ పాత ఊళ్లు శత్రువులకు భయపడి కొండల మీద కట్టుకున్నవి, రైలు మాత్రం లోయలో పోతుంది. అస్సీసీ స్టేషన్ కింద సాంతా మారియా దెల్యి ఆంజెలి దగ్గర ఉంది, పై ఊరికి బస్సెక్కాలి. ఎండలో ఆ నాలుగైదు కిలోమీటర్లు ఎక్కించి పెద్దవాళ్లను హింసపెట్టకండి. ఓర్వియేటోలో స్టేషన్ ఎదుటే కేబుల్ రైలు ఉంది, నిమిషాల్లో పైకి చేరుస్తుంది. పైన సాన్ పాత్రిజియో బావి చూడాలనుకుంటే ముందే చెప్తున్నా: దిగడానికి 248 మెట్లు, ఎక్కడానికి మళ్లీ 248. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైనే ఉండి 1290లో కట్టడం మొదలుపెట్టిన కథెడ్రల్ ముంగిట కూర్చోవచ్చు, ఆ ముఖభాగం చూడ్డానికి ఒక గంట చాలదు. సియెనాలో స్టేషన్ నుంచి వరసగా ఎస్కలేటర్లున్నాయి. జులై 2, ఆగస్టు 16 తేదీల్లో అక్కడ పాలియో గుర్రప్పందెం, అది చూడ్డానికైతే తప్ప ఆ రోజుల్లో వెళ్లొద్దు. సాన్ జిమిన్యానోకు రైలే లేదు, పోజిబోన్సీలో దిగి బస్సు పట్టుకోవాలి. పీసా టవర్ కోసమే అయితే లూకా వైపు నుంచి వచ్చేవాళ్లు సాన్ రొస్సోరె స్టేషన్‌లో దిగితే నడక తగ్గుతుంది. అమ్మానాన్నలతో మొదటిసారి వెళ్లేవాళ్లకు నా ఓటు లూకాకే. స్టేషన్ దాటగానే కోటగోడ, లోపలంతా చదును, గోడ మీద చెట్ల నీడలో నాలుగు కిలోమీటర్ల చుట్టుదారి.

ఎండ గురించి మనకెవరూ చెప్పక్కర్లేదనుకుంటాం. గుంటూరు, ఖమ్మం ఎండలు చూసినవాళ్లం కదా! కానీ అక్కడ మధ్యాహ్నం ఇంట్లో ఉంటాం, ఇక్కడ రాతి వీధుల్లో ఎక్కుతూ దిగుతూ ఉంటాం. పైగా చిన్న ఊళ్లలో చాలా చర్చిలు మధ్యాహ్నం మూసి మూడు, మూడున్నరకు తెరుస్తారు. కాబట్టి ఏడింటిలోపు రైలెక్కి, చూడాల్సినవి పన్నెండులోపు చూసేసి, ఎండ వేళ నీడపట్టున ఉండండి. హోటళ్లలో రెండున్నర దాటితే వంటగది మూసేస్తారు. ఒక డబ్బాలో పులిహోర పెట్టుకెళ్తే ఆ టెన్షన్ ఉండదు. పెరుగన్నం మాత్రం ఈ వేడికి పులిసిపోతుంది. తినడానికి పార్కు బెంచీ చూసుకోండి, చర్చి మెట్ల మీద కూర్చుని తింటే కొన్ని ఊళ్లలో జరిమానా వేస్తారు. ఖాళీ సీసా దగ్గరుంచుకుని వీధి కుళాయిల దగ్గర నింపుకోండి. 'నోన్ పొతాబిలె' అని రాసి ఉంటే అది తాగే నీళ్లు కాదు. చర్చిల్లోకి భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి. చీర కట్టుకున్నవాళ్లకు కొంగు చాలు, మిగతావాళ్లు ఒక చున్నీ పెట్టుకోండి.

అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాత రోమన్ ఊరు పాంపేయి వెళ్లేవాళ్లకు ఒక్క మాట. రోజుకు 20,000 మందినే లోపలికి పంపుతున్నారు, టికెట్ మీద పేరు కూడా ఉంటుంది. ముందే కొనుక్కోండి. నేపుల్స్ నుంచి చిన్న రైల్లో వెళ్లేటప్పుడు వీపు సంచిని ముందుకు తగిలించుకోండి. పెద్ద స్టేషన్లలో టికెట్ మిషన్ దగ్గర సాయం చేస్తామని వచ్చి వేళ్లు పెట్టేవాళ్లకు 'నో, గ్రాత్సియె' అని చెప్పి కార్డు చేత్తో మూసుకోండి.

అన్నీ అయ్యాక, పడుకునే ముందు అమ్మకో నాన్నకో ఒక చీటీ రాసివ్వండి. ఫోన్‌లో కాదు, కాగితం మీద, కళ్లజోడు లేకపోయినా కనపడేంత పెద్ద అక్షరాలతో. దిగాల్సిన స్టేషన్ పేరు తెలుగులో, దాని కింద బోర్డు మీద ఉండేలాగే ఇటాలియన్‌లో. బస చేసిన ఇంటి అడ్రసు. మీ నంబరు. అత్యవసరానికి 112. కింద ఈ వాక్యం: "తలుపులు మూసుకుని మనం విడిపోతే కంగారు పడొద్దు, నువ్వు రైల్లో ఉంటే తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే కూర్చో, ప్లాట్‌ఫాం మీద ఉండిపోతే అక్కడి నుంచి కదలొద్దు, నేనే వస్తాను."